యూరియా ఇక్కడే, దానిపై పరిశోధన ఎక్కడ?

ప్రతి వానాకాలంలోనూ నాట్లు ముగిసి వరి పిలకలు తొడిగే వేళకు తెలంగాణ పల్లెల్లో యూరియా ఎప్పుడొస్తుందన్న ప్రశ్న మొదలవుతుంది. 2025లో ఆ ప్రశ్న మరీ ముదిరి, సహకార సంఘాల గోదాముల ముందు చెప్పులనూ పాసుపుస్తకాల జిరాక్సులనూ వరుసలో పెట్టి రైతులు తెల్లవారుజాము నుంచే కాచుకుని ఉండవలసి వచ్చింది. సింగరేణి కోల్‌బెల్ట్ రైతుల విషయంలో ఈ కొరతకు మరో ముఖం ఉంది. మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూర్ నుంచి బయలుదేరి గోదావరి దాటితే రామగుండం ఎరువుల కర్మాగారం కనిపిస్తుంది. ఏటా 12.7 లక్షల టన్నుల వేపపూత యూరియా తయారుచేయగల సామర్థ్యంతో 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించిన ఆ సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 11 శాతం వాటా ఉంది. 2025 వానాకాలంలో ఆ కర్మాగారంలోనే కొంతకాలం ఉత్పత్తి నిలిచిపోయింది. యూరియా తయారయ్యే చోటే యూరియా దొరకదేమని రైతు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పొలంలో చల్లిన యూరియాలో మొక్కకు అందేదెంత, ఆ పాలును పెంచే విజ్ఞానం ఈ ప్రాంతపు నేలకు తగినట్లుగా ఎవరు తయారుచేస్తున్నారు అన్నది ఆ ప్రశ్న.

రామగుండానికి యూరియా కొత్త కాదు. సింగరేణి బొగ్గును వాయువుగా మార్చి దాని నుంచి యూరియా తీసే భారత ఎరువుల సంస్థ కర్మాగారం 1980లో అక్కడ పనిచేయడం మొదలుపెట్టి, నష్టాల్లో కూరుకుపోయి 1999లో మూతపడింది. ప్రస్తుత కర్మాగారం సహజవాయువుతో నడుస్తుంది; దేశంలో వాడే సహజవాయువులో పెద్ద పాలు దిగుమతి కనుక, బస్తా రామగుండంలో కుట్టినా దాని ముడిసరకు ధర మాత్రం విదేశీ విపణిలో నిర్ణయమవుతుంది. 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు లభించడానికి మిగిలిన ఖర్చంతా కేంద్ర ఖజానా భరిస్తోంది. 2022-23లో ఎరువుల రాయితీ మొత్తం రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో ఎరువుల రాయితీకి 1.64 లక్షల కోట్లు కేటాయించగా, వ్యవసాయ పరిశోధన, విద్యా విభాగం మొత్తానికి దక్కింది పదివేల కోట్ల లోపే. ఎరువును చౌకగా అందించడానికి పెట్టే ఖర్చులో పదహారో వంతు, ఎరువుతో సహా వ్యవసాయానికి సంబంధించిన సమస్త పరిశోధనకూ కలిపి పెడుతున్నారన్న మాట. ఈ నిష్పత్తిని దృష్టిలో ఉంచుకోకుండా సుస్థిర వ్యవసాయం గురించి ఎంత చర్చించినా ప్రయోజనం తక్కువ.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఒక బస్తాలో ఉండే దాదాపు 21 కిలోల నత్రజనిలో వరి పైరు సాధారణంగా తీసుకునేది 30 నుంచి 40 శాతం, అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు మాత్రమే. మిగిలినదానిలో కొంత నేలలోని సేంద్రియ పదార్థంతో కలిసి నిలిచినా, చాలా భాగం మూడు దారుల్లో వృథా అవుతుంది. నీళ్లు నిలిచిన మడిలో చల్లిన యూరియా కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుతుంది. ఎండ కాసే వేళ నీటిలోని నాచు కర్బన ద్విప్రాణవాయువును పీల్చుకోవడంతో ఆ నీటి క్షారత పెరిగి అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. మడి పైపొరలో ప్రాణవాయువు అందే చోట సూక్ష్మజీవులు అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ ప్రక్రియను నత్రీకరణ అంటారు. నైట్రేట్‌ను మట్టి రేణువులు పట్టి ఉంచలేవు కాబట్టి అది నీటితో పాటు కిందికి ఇంకి బావుల్లోకి చేరుతుంది, లేదా గాలి అందని లోపలి పొరలో వేరే సూక్ష్మజీవుల చేతికి చిక్కి నత్రజని వాయువుగానూ నైట్రస్ ఆక్సైడ్‌గానూ పైకి పోతుంది. ఈ నైట్రస్ ఆక్సైడ్ నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో కర్బన ద్విప్రాణవాయువుకు 270 రెట్లకు పైగా బలమైనది. వేపపూత నత్రీకరణను కొంత మందగింపజేస్తుంది గనుకనే 2015 నుంచి దేశంలో యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు. అది మేలైన నిర్ణయమే అయినా, ఎరువు వైపు నుంచి చేసిన మరమ్మతు మాత్రమే. మొక్క వైపు నుంచి చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

మొక్క వైపు కథకు మూలం హరిత విప్లవంలోనే ఉంది. 1966లో విడుదలైన ఐఆర్-8 మొదలుకొని వచ్చిన పొట్టి వరి రకాలు ఎక్కువ ఎరువు వేసినా పడిపోకుండా నిలిచి గింజ కట్టాయి. దిగుబడి పెరగడానికి కారణం ఆ గుణమే. కానీ మొక్కను పొట్టిగా ఉంచే జన్యుమార్పు, పెరుగుదలను ప్రేరేపించే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ పనిని తగ్గించడంతో పాటు నేల నుంచి నత్రజనిని లాగే శక్తిని కూడా తగ్గించిందని తరవాతి పరిశోధనలు తేల్చాయి. జీఆర్‌ఎఫ్-4 అనే నియంత్రక జన్యువును చురుకు చేస్తే మొక్క పొట్టిగా ఉంటూనే తక్కువ నత్రజనితో దిగుబడి నిలుపుకోగలదని చైనా, బ్రిటన్ శాస్త్రజ్ఞులు 2018లో చూపించారు. దానికి మూడేళ్ల ముందే, ఇండికా వరి రకాలు జపోనికా రకాలకంటే నైట్రేట్‌ను బాగా వాడుకోవడానికి ఎన్‌ఆర్‌టీ-1.1బి అనే వాహక జన్యువులోని చిన్న తేడా ఒక కారణమని చైనా బృందమే కనుగొంది. దేశంలో ఢిల్లీలోని గురు గోబింద్ సింగ్ ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయంలో ఎన్. రఘురామ్ బృందం వరిలో నత్రజని వినియోగ సామర్థ్యంపై, అంటే వేసిన నత్రజనిలో ఎంత పాలు గింజగా మారుతుందన్న గుణంపై, ఏళ్ల తరబడి పనిచేస్తోంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం కాని చోట ఈ పని సాగడం గమనించదగిన విషయం. మొక్కల శరీరధర్మ శాస్త్రానికీ పొలానికీ మధ్య గోడలు కట్టుకోనవసరం లేదని అది చెబుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగంలోనూ, ఉస్మానియాలోని మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రంలోనూ, వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి పనికి కావలసిన ప్రావీణ్యం దశాబ్దాలుగా ఉంది. ఆ ప్రావీణ్యం కోల్‌బెల్ట్ పొలం దాకా రావడానికి దారి వేయవలసి ఉంది.

ఆ దారి ఎలా ఉండాలో ఉత్తర తెలంగాణకు తెలియనిది కాదు. జగిత్యాల సమీపంలోని పొలాసలో 1980వ దశకంలో నెలకొన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం చరిత్రే అందుకు సాక్ష్యం. ఈ ప్రాంతపు వరికి అతిపెద్ద శత్రువు ఉల్లికోడు. దోమను పోలిన ఈ ఈగ పిల్లపురుగు పిలక మొవ్వులోకి దూరి విడుదలచేసే స్రావం వల్ల ఆ పిలక వెన్ను వేయకుండా ఉల్లికాడలాంటి బోలు గొట్టంగా మారిపోతుంది. దేశంలో ఉల్లికోడుకు ఏడు జీవరూపాలను, అంటే చూడడానికి ఒకేలా ఉన్నా ఏ వరి రకంపై బతకగలవో ఆ విషయంలో తేడా ఉండే తెగలను, శాస్త్రజ్ఞులు గుర్తించారు. జగిత్యాల ప్రాంతంలో ఉన్నది మూడో జీవరూపం. రెండు మూడు గంటల ప్రయాణ దూరంలోని వరంగల్‌లో ఉన్నది 4ఎం అనే వేరే జీవరూపం. ఒక చోట నిలిచిన రకం మరొక చోట కూలిపోవడానికి కారణం ఈ తేడాయే. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి అన్నానికి ఎంత పేరుపడినా ఉల్లికోడును తట్టుకోలేదు. ఆ సన్నగింజ గుణాన్ని వరంగల్‌లో తయారైన కావ్య అనే తట్టుకునే రకంతో కలిపి, ఉల్లికోడు ఉన్న నేలమీదనే ఏటేటా పరీక్షించి ఏరిన ఫలితమే జేజీఎల్-1798, అంటే జగిత్యాల సన్నాలు. తరవాత ఆ శ్రేణిలో జగిత్యాల మసూరి వచ్చింది. పెద్దపల్లి జిల్లాలోని కూనారం పరిశోధన స్థానం నుంచి కూనారం సన్నాలుగా పిలిచే కేఎన్‌ఎం-118 వచ్చింది. జగిత్యాల వంశానికి చెందిన జేజీఎల్-3855ను మార్టేరు రకం ఎంటీయూ-1010తో సంకరం చేయగా రాజేంద్రనగర్‌లో తెలంగాణ సోనా పుట్టింది. పురుగు ఉన్న చోటే పరిశోధన జరిగినందువల్ల రైతు మందు కొట్టవలసిన అవసరం తగ్గింది. సుస్థిర వ్యవసాయం అన్న మాట వాడుకలోకి రాకముందే ఈ స్థానాలు ఆ పని చేశాయి. వాటిలో పనిచేసిన శాస్త్రజ్ఞులకూ, విత్తనాన్ని ఏరి కట్టలు కట్టిన క్షేత్ర కూలీలకూ ఈ నేల రుణపడి ఉంది.

అయితే ఆ విజయానికి ఒక పరిమితి ఉంది. కొత్త రకాల ఎంపిక తొలి తరాల్లో ఎక్కువగా సిఫారసు చేసిన పూర్తి ఎరువు మోతాదులోనే జరుగుతుంది. ఎరువు పుష్కలంగా ఉన్న మడిలో, తక్కువ నత్రజనితో సరిపెట్టుకోగల మొక్కకూ ఎక్కువ కోరే మొక్కకూ తేడా బయటపడదు. ఆ గుణం ఉన్న వంగడం ఏదైనా ఉంటే అది గుర్తింపు పొందకుండానే తొలగిపోతుంది. ముదిరిన వంగడాలను వివిధ నత్రజని మోతాదుల్లో పరీక్షించే పద్ధతి అఖిల భారత వరి సమన్వయ పరిశోధన పథకంలో ఉన్నప్పటికీ, అప్పటికే జల్లెడ పట్టడం పూర్తవుతుంది. జగిత్యాల, కూనారం స్థానాల్లో మూడో, నాలుగో తరం నుంచే సగం నత్రజని మడులను సమాంతరంగా నడిపితే ఖర్చు, శ్రమ రెట్టింపవుతాయన్నది నిజమే. కానీ ఉల్లికోడు విషయంలో పురుగున్న మడిలోనే ఏరాలన్న నియమం ఎలా ఫలించిందో, నత్రజని విషయంలో కొరత ఉన్న మడిలోనే ఏరాలన్న నియమం అలాగే ఫలిస్తుందనడానికి శాస్త్రాధారం బలంగా ఉంది.

ఇతర దేశాల అనుభవంలో ఈ చర్చకు అత్యంత సన్నిహితమైనది జపాన్‌లో ఒక తెలుగు శాస్త్రజ్ఞుడి నాయకత్వంలో సాగిన కృషి. సుకుబాలోని జపాన్ అంతర్జాతీయ వ్యవసాయ శాస్త్రాల పరిశోధన కేంద్రంలో గుంటూరు వి. సుబ్బారావు బృందం, కొన్ని మొక్కల వేర్లే నత్రీకరణను ఆపే రసాయనాలను స్రవిస్తాయని నిరూపించి, దానికి జీవసంబంధ నత్రీకరణ నిరోధం అని పేరుపెట్టింది. పచ్చికబయళ్లలో పెరిగే బ్రాకియేరియా గడ్డి వేర్లలో అలాంటి పదార్థాన్ని గుర్తించిన ఆ బృందం, లైమస్ రెసిమోసస్ అనే అడవి గడ్డిలోని క్రోమోజోము ముక్కను గోధుమలోకి తెచ్చి, తక్కువ నత్రజనితోనూ దిగుబడి తగ్గని గోధుమను 2021లో ప్రకటించింది. ఆ గోధుమను ఉత్తర భారత మైదానాల్లో పరీక్షించే పథకం జపాన్, భారత సంస్థల మధ్య నడుస్తోంది. కోల్‌బెల్ట్‌కు ఇందులో ఆసక్తి కలిగించే సంగతి గోధుమ కాదు, జొన్న. జొన్న వేరు స్రవించే సార్గోలియోన్ అనే జిగురు పదార్థానికి కూడా ఈ నిరోధక శక్తి ఉందని అదే పరిశోధన తేల్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చెలకల్లో జొన్న తరతరాలుగా పండింది. గోండు, కొలాం గూడేలు ఏటికేడు దాచుకుని విత్తుకున్న దేశవాళీ జొన్నలు ఇప్పటికీ కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి. వాటిలో ఏ రకం వేరు ఎంత సార్గోలియోన్ ఇస్తుందో కొలిచి, యాసంగిలో జొన్న వేసిన నేలలో మరుసటి వానాకాలపు పత్తికి నత్రజని ఎంత తగ్గించవచ్చో చూడడం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సహకారంతో రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం చేపట్టగల పని. పత్తి విస్తరించి జొన్నను నెట్టివేసిన జిల్లాల్లో ఈ పరిశోధన ఎంత ఆలస్యమైతే, పరీక్షించడానికి మిగిలే దేశవాళీ రకాలు అంత తగ్గిపోతాయి.

బ్రెజిల్ మరో దారి చూపింది. ఆ దేశం సోయాచిక్కుడును విస్తరించినప్పుడు, వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్రాడీరైజోబియం బాక్టీరియాలను స్థానిక నేలలకు తగినట్లుగా ఏరడం, ఆ బాక్టీరియాతో కలిసి బాగా పనిచేసే సోయా రకాలను ఎంపికచేయడం సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలు యోహాన్నా డోబరైనర్ చొరవతో జంట పనులుగా సాగాయి. రెండోది లేకుండా మొదటిది ఫలించదని ఆమె పట్టుబట్టడం వల్లనే ఇవాళ బ్రెజిల్ సోయా దాదాపుగా నత్రజని ఎరువు లేకుండా పండుతోంది. ఆ కృషిని కొనసాగించిన, ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా శాస్త్రవేత్త మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో సోయా విస్తారంగా సాగవుతున్నా, రైతుకు అందే రైజోబియం పొట్లంలో బతికి ఉన్న బాక్టీరియా ఎంత, అది ఆ రేగడిలో వేసవి దాటి నిలుస్తుందా అన్న విషయాలపై బ్రెజిల్ చూపినంత పట్టుదల ఇక్కడి వ్యవస్థ చూపలేదు. ఖరీదు తక్కువైన ఈ పొట్లం నాణ్యతను ప్రభుత్వ ప్రయోగశాలలు క్రమం తప్పకుండా పరీక్షించి ఫలితాలను బహిరంగంగా ప్రకటించడం, కొత్త కర్మాగారం కట్టడంకంటే ఎంతో సులభం.

పరిశోధన అక్కరలేదు, రసాయన ఎరువును మానేస్తే చాలునన్న వాదం కూడా బలంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తోంది. నేలలో సేంద్రియ కర్బనం తగ్గిందని, పంటల వైవిధ్యం పోయిందని, అప్పులకు పెట్టుబడి ఖర్చే మూలమని ఆ ఉద్యమం చేసే విమర్శల్లో ప్రతి ఒక్కటీ సత్యమే. కానీ నత్రజని లెక్క మాటలకు లొంగదు. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండించిన నేల నుంచి గింజ, గడ్డి రూపంలో వెళ్లిపోయిన నత్రజని పప్పుజాతి పంటల ద్వారానో, పశువుల ఎరువు ద్వారానో, సంచి ద్వారానో తిరిగి రావాలి. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో ఉన్నపళంగా రసాయన ఎరువుల దిగుమతిపై నిషేధం ప్రకటించి, నవంబరులో వెనక్కి తగ్గవలసి వచ్చింది; అయినా వరి దిగుబడి పడిపోయింది. ఆ వైఫల్యాన్ని సేంద్రియ సాగు వైఫల్యంగా కంటే, శాస్త్ర సన్నాహం లేని తొందరపాటు ఫలితంగా చూడడమే న్యాయం. రెండో వైపు, సీసాలో వచ్చే నానో యూరియా సంచిలోని యూరియాకు ప్రత్యామ్నాయమని 2021 నుంచి ప్రచారం సాగింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు పొలంలో పరీక్షించి, సిఫారసు చేసిన యూరియాలో సగం తగ్గించి నానో యూరియా పిచికారీ చేస్తే గోధుమ దిగుబడి 21.6 శాతం, వరి దిగుబడి 13 శాతం తగ్గాయని తెలిపింది. తయారీ సంస్థ ఆ ఫలితాలతో ఏకీభవించలేదు. ఎవరి వాదన నిలుస్తుందన్నదానికంటే, అమ్మేవారితో ప్రయోజన సంబంధం లేని ఒక విశ్వవిద్యాలయం నిర్భయంగా పొలంలో కొలిచి చెప్పగలగడం ముఖ్యం. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎందుకు ఉండాలో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

చైనా అనుభవం ఈ రెండు వాదాల మధ్య నిలుస్తుంది. 2005 నుంచి 2015 వరకు చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయం నాయకత్వంలో రెండు కోట్లకు పైగా చిన్న రైతులతో సాగిన కార్యక్రమంలో, స్థానిక పరీక్షల ఆధారంగా విత్తే తేదీ, మొక్కల సాంద్రత, ఎరువు మోతాదు, వేసే సమయం సవరించడం ద్వారా వరి, మొక్కజొన్న, గోధుమల దిగుబడి సగటున 11 శాతం పెరిగి, నత్రజని వాడకం 15 నుంచి 18 శాతం తగ్గింది. ఇందులో అద్భుత విత్తనమేదీ లేదు. పరిశోధక విద్యార్థులు ఊళ్లలో కాపురముండి, రైతు పొలంలోనే పరీక్షలు చేసి, ఫలితాన్ని అక్కడే అప్పగించే పద్ధతిని ఆ విశ్వవిద్యాలయం 2009లో చూజౌ జిల్లాలో మొదలుపెట్టింది. జగిత్యాల వ్యవసాయ కళాశాల పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థి ఒక వానాకాలం మందమర్రి మండలంలోనో జైపూర్ మండలంలోనో ఉండి పరిశోధన వ్యాసానికి కావలసిన సమాచారం సేకరిస్తే, బెల్లంపల్లి, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలు అతనికి ఆసరాగా నిలిస్తే, ఇదే పద్ధతి ఇక్కడా సాధ్యం. జన్యు సవరణ వివాదాన్ని కూడా ఈ వెలుగులో చూడవలసి ఉంది. ఇతర జీవుల జన్యువు చేర్చకుండా మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు చేసే రకాలను 2022 మార్చిలో కేంద్రం కఠినమైన జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయించింది. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబమసూరిని సవరించి తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100 అనే కమల రకాన్ని 2025 మేలో ప్రకటించారు. మేధోసంపత్తి హక్కులు, దీర్ఘకాలిక భద్రత గురించి వ్యక్తమవుతున్న సందేహాలు సమాధానం కోరేవే. ఆ సమాధానం అన్ని ప్రాంతాల్లోనూ బహిరంగంగా సాగే పొలం పరీక్షల నుంచి రావాలి తప్ప ప్రకటనల నుంచి కాదు.

ఇంతవరకు చెప్పినది గోదావరి లోయలోని ఏ మండలానికైనా వర్తిస్తుంది. కోల్‌బెల్ట్‌కు మాత్రమే చెందిన సమస్య నేలది. రామకృష్ణాపూర్ ఓపెన్‌కాస్ట్ వంటి గనిలో బొగ్గు పొరను చేరుకోవడానికి మొదట పైమట్టిని, తరవాత దాని కింది ఇసుకరాయినీ షేల్ పొరలనూ తవ్వి గుట్టలుగా పోస్తారు. కార్మికుల నోట ఓబీ గుట్టలుగా పిలువబడే ఈ పోతల్లో సేంద్రియ కర్బనం, నత్రజని దాదాపుగా ఉండవు; వేర్లకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాలు ఉండవు; భారీ డంపర్లు తిరగడంతో నేల గట్టిపడి నీరు ఇంకదు. సింగరేణి సంస్థ తన నర్సరీల్లో పెంచిన మొక్కలతో ఈ గుట్టలపై విస్తారంగా తోటలు పెంచింది. ఆ పచ్చదనం దుమ్మునూ కోతనూ తగ్గించిన మాట నిజం. అయితే చెట్టు బతకడం ఒకటి, పంట పండడం మరొకటి. పొలం ఇచ్చి గని పక్కనే బతుకుతున్న కుటుంబానికి గని మూతపడ్డాక ఆ నేల మళ్లీ పొలంగా దక్కుతుందా అన్న ప్రశ్నకు నీలగిరి తోట జవాబు కాదు.

అమెరికా 1977లో చేసిన ఉపరితల గనుల చట్టం మేలైన సాగునేలకు ప్రత్యేక నియమం పెట్టింది. అక్కడ మట్టి పొరలను విడివిడిగా తీసి, విడివిడిగా దాచి, అదే వరుసలో తిరిగి పరవాలి. పరిచాక పంట వేసి, చుట్టుపక్కల తవ్వని పొలాలతో సమానమైన దిగుబడి చూపితే తప్ప కంపెనీ కట్టిన పూచీకత్తు సొమ్ము వెనక్కి రాదు. ఆ నియమం అమలులో ఎదురైన అతిపెద్ద అడ్డంకి పోషకాల లోపం కాదని, యంత్రాల బరువుకు మట్టి గట్టిపడడమేనని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి చేసిన పరీక్షల్లో బయటపడింది. దాంతో మట్టి పరిచే యంత్రాలు, పద్ధతులు మారాయి. జర్మనీలోని రైన్ ప్రాంతపు లిగ్నైట్ గనుల్లో లోయస్ అనే సారవంతమైన మట్టిని మందంగా పరిచి, మొదటి సంవత్సరాల్లో నత్రజనిని నేలలో చేర్చే లూసర్న్ పంట వేసి, ఏడేళ్ల పాటు కంపెనీయే సాగుచేసి నేల కుదుటపడ్డాక రైతుకు అప్పగించే ఆనవాయితీ ఉంది. తూర్పు జర్మనీలోని లౌసిట్జ్‌లో కాట్‌బుస్ విశ్వవిద్యాలయం ఇంకా ముందుకు వెళ్లి, గని ప్రాంతంలో ఆరు హెక్టార్ల కృత్రిమ పరీవాహక ప్రాంతాన్ని 2005లో నిర్మించి, శూన్యం నుంచి నేల, నీరు, మొక్క ఎలా ఏర్పడతాయో గమనిస్తోంది. ఈ మూడు చోట్లా గని సంస్థ, విశ్వవిద్యాలయం, చట్టం ఒకే నేలమీద కలిశాయి.

భారతదేశంలో చట్రం లేదనలేము. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గని మూసివేత మార్గదర్శకాలు జారీచేసి, ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు ఆరు లక్షల రూపాయల చొప్పున ప్రత్యేక ఖాతాలో జమచేయాలని నిర్దేశించింది. 2015 గనుల సవరణ చట్టం ప్రతి జిల్లాలో ఖనిజ ప్రతిష్ఠాన నిధిని ఏర్పరచి, పాత లీజుల రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని గని ప్రభావిత ప్రాంతాలకు కేటాయించింది. ఆ నిధి ఎక్కువగా రోడ్లకూ భవనాలకూ పోతోందన్న విమర్శ దేశమంతటా వినిపిస్తున్నదే. మూసివేత ప్రణాళికలో జీవసంబంధ పునరుద్ధరణ అనే శీర్షిక కింద నాటిన మొక్కల సంఖ్య రాస్తారు. దిగుబడి సాధించి చూపాలన్న షరతు లేదు. ఆ షరతు చేరిన రోజున గని సంస్థకు మొక్కల శాస్త్రజ్ఞుడి అవసరం దానంతట అదే ఏర్పడుతుంది.

అందువల్ల ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం, సింగరేణి సంస్థ కలిసి మందమర్రి, రామకృష్ణాపూర్ ప్రాంతంలో ఒక శాశ్వత క్షేత్ర పరిశోధన కేంద్రం నెలకొల్పడం న్యాయమైన కోరిక. అందులో సగం నేల తవ్వని చెలక, రేగడి కావాలి. మిగతా సగం పూడ్చిన గని నేల కావాలి. మొదటిదానిపై తక్కువ నత్రజని వరి, జొన్న తరవాత పత్తి, సోయా రైజోబియం పరీక్షలు నడవాలి. రెండోదానిపై జనుము, జీలుగ, కంది వంటి పప్పుజాతి మొక్కల వరుసలు, మైకోరైజా, విద్యుత్ కేంద్రాల బూడిద, పట్టణాల తడిచెత్త ఎరువు ఏ పాళ్లలో కలిస్తే నేల కోలుకుంటుందో, ఆ గింజలోకి బూడిద నుంచి బోరాన్, భారలోహాలు ఎంత చేరతాయో కొలవాలి. జైపూర్‌లోని 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం, రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రాల బూడిదను పొలాలకు వాడాలన్న సూచనలు వస్తున్న వేళ, ఈ చివరి కొలత ప్రజారోగ్యానికి సంబంధించినది. రసాయన విశ్లేషణను కాకతీయ, శాతవాహన విశ్వవిద్యాలయాలు పంచుకోవచ్చు. ఖర్చును జిల్లా ఖనిజ నిధి, మూసివేత ఖాతా, ఎరువుల కర్మాగారపు సామాజిక బాధ్యత నిధి కలిసి భరించవచ్చు. కానీ ఫలితాల ప్రచురణపై వాటిలో ఏ సంస్థకూ అధికారం ఉండకూడదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం తెలిసినదే: ఉన్న స్థానాలకే సిబ్బంది చాలనప్పుడు కొత్త కేంద్రమెందుకు? ఇందులో నిజముంది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండే అమెరికా భూదాన విశ్వవిద్యాలయాల నమూనాలో, కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ సహకారంతో రూపుదిద్దుకుంది. ఆ నమూనాకు పునాది విశ్వవిద్యాలయం కోసం నేల ఇవ్వడం. 2014లో తెలంగాణకు వారసత్వంగా వచ్చిన రాజేంద్రనగర్ నేలలో నూరెకరాలను హైకోర్టు భవనాలకు కేటాయిస్తూ 2024 జనవరిలో ఉత్తర్వు వెలువడినప్పుడు విద్యార్థులు ఆందోళనకు దిగింది ఈ కారణంతోనే. హైకోర్టుకు భవనం అవసరమే. అయినా దశాబ్దాలుగా ఎరువు, నీరు, పంట వరుస లెక్క తెలిసిన ప్రయోగ క్షేత్రం పోతే దానికి బదులుగా మరో చోట అంతే విస్తీర్ణం ఇచ్చినా ఆ లెక్క తిరిగి రాదు. ఖాళీ పోస్టుల భర్తీ, క్షేత్రాల రక్షణ, కొత్త కేంద్రం, ఈ మూడింటిలో ఒకదానిని చూపి మరొకటి వాయిదా వేయడం ఏ ప్రభుత్వానికైనా సులభమే గాని, యూరియా లారీ కోసం కాచుకునే రైతుకు అది జవాబు కాదు.

కాలపరిమితి విషయంలో ఒక సాంకేతిక వాస్తవాన్ని అధికారులు గమనించాలి. గని తవ్వేముందు తీసి కుప్పపోసిన పైమట్టిలోని సూక్ష్మజీవులు, విత్తనాలు, మైకోరైజా కొద్ది సంవత్సరాల్లోనే క్షీణిస్తాయి. కుప్ప ఎత్తు పెరిగేకొద్దీ, గాలి అందని లోపలి భాగంలో ఆ క్షీణత వేగంగా సాగుతుంది. తవ్వకానికి ముందు నేల ఎలా ఉండేదో, ఏ పంట ఎంత పండేదో నమోదు కాకపోతే పూడ్చిన తరవాత దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు. ఇప్పటికే తవ్విన రామకృష్ణాపూర్ నేలకు ఆ అవకాశం దాటిపోయింది. సింగరేణి ఇకముందు అనుమతి కోరే ప్రతి ఓపెన్‌కాస్ట్ విషయంలోనూ, మొదటి డోజరు దిగేముందే విశ్వవిద్యాలయం మట్టి నమూనాలు తీసి, రెండు పంటకాలాల దిగుబడి నమోదుచేసి, పైమట్టి కుప్పల ఎత్తుకు పరిమితి సూచించే నియమాన్ని పర్యావరణ అనుమతి షరతుల్లో చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో రైతులు అడిగి, మినిట్స్‌లో రాయించి, కలెక్టరు సంతకంతో పైకి పంపిస్తే ఆ పని మొదలవుతుంది.